తలూపిన వారికి రెండు నిమిషాలు

ఆ గురక ఎవరిదో చివరిదాకా తేలలేదు.

సంక్షేమ హాస్టళ్ల కమిషనర్ గారు ఒక సోమవారం ఆన్‌లైన్ సమీక్షలో ‘వసతి గృహాల్లో ఉత్తేజభరిత వాతావరణం’ అనే విషయం మీద, తెర మీద ఒక్కొక్క బొమ్మా మారుస్తూ మాట్లాడుతున్నారు. రెండో గంట దాటింది. రాష్ట్రంలోని వార్డెన్లూ జిల్లా అధికారులూ ఎక్కడివాళ్లక్కడ ఫోన్ల ముందు కూర్చుని ఉన్నారు. సరిగ్గా ‘ఉత్తేజము – నిర్వచనము’ అన్న బొమ్మ దగ్గరికి వచ్చేసరికి గురక వినపడింది. సన్నగా మొదలై, మధ్యలో ఈల వేసి, చివర కుక్కర్లో ఆవిరి దిగినట్టు దిగే గురక. కమిషనర్ గారు ఆగారు. గురక ఆగలేదు.

విచారణ సంఘం వేశారు. సంఘం ఆ రికార్డింగును పదేపదే విని, అది కోస్తా గురకో సీమ గురకో నిర్ధారించలేకపోతున్నామని నివేదిక ఇచ్చింది. రెండు గంటలు ఏం చెబితే మనిషికి నిద్రొచ్చింది అన్న ప్రశ్న సంఘం పరిధిలో లేదు. వినేవాడిలో లోపం ఎక్కడుందో కనిపెట్టడమే దాని పరిధి. కనిపెట్టింది. శ్రోతల్లో ‘సజీవ భాగస్వామ్యం’ కొరవడింది.

దాన్ని పెంచడానికి నగరం నుంచి ధీరజ్ అనే నిపుణుణ్ణి పిలిపించారు. మెడలో పెద్ద హెడ్‌ఫోన్లు వేసుకుని, ఎవరేం చెప్పినా ముందు “సూపర్” అనే మనిషి. ఆయన ఒక సాఫ్ట్‌వేర్ తెచ్చాడు. తెర మీద ఒక్కొక్కరి ముఖం చుట్టూ అది ఒక రంగు గీత గీస్తుంది. నవ్వుతూ తలూపుతున్న ముఖానికి ఆకుపచ్చ. పరధ్యానంగా ఉన్న ముఖానికి పసుపు. కదలని ముఖానికి ఎరుపు. తనకు తెలియని ముఖం వస్తే సభలోంచి తనే బయటికి పంపేస్తుంది.

శాఖ జాయింట్ డైరెక్టర్ దైవాధీనం గారు సర్క్యులర్ పంపారు. “ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునదేమనగా, వరుసగా రెండు సమీక్షలందు ఎరుపు రంగు కలిగియున్న వారి నుండి సంజాయిషీ కోరబడును. ఒక నెల పాటు ఆకుపచ్చ రంగు కలిగియున్న వారికి ప్రోత్సాహకముగా సమీక్షలో రెండు నిమిషములు మాట్లాడు అవకాశము కల్పించబడును.”

అంతకుముందు ఎవరైనా ఆఖర్లో తమ కష్టం చెప్పుకునేవాళ్లు. ఇప్పుడది బహుమతి అయింది.

సరిగ్గా ఆ వారమే ప్రమీలారాణి హాస్టల్లో మోటారు కాలిపోయింది.

ప్రమీలారాణి హైవే పక్కనున్న చిన్న ఊళ్లో ఆడపిల్లల హాస్టల్ వార్డెన్. ఉద్యోగం పాతబడింది, మోకాళ్లు అరిగాయి, గొంతు మాత్రం ఇంకా కొత్తగానే ఉంది. బోరులో మోటారు కాలిపోతే పిల్లలకి చుక్క నీరుండదు. రోడ్డుకు అవతల పంచాయతీ కుళాయి ఉంది. అది పొద్దున్న ఎనిమిదింటికి వస్తుంది, గంటసేపు పోస్తుంది, పోతుంది. పిల్లలు బిందెలూ బకెట్లూ పట్టుకుని లారీల మధ్యనుంచి రోడ్డు దాటాలి.

ఊళ్లో మెకానిక్ పొద్దుటికల్లా కాయిల్ చుట్టి ఇస్తానన్నాడు. కానీ శాఖ మోటారును శాఖ అనుమతి లేకుండా బోరులోంచి పైకి తీయకూడదు. ఇదివరకటి వార్డెన్ అలా తీయించి, నీళ్లు తెప్పించి, సస్పెండయింది. అందుకని ప్రమీలారాణి ఉత్తరం రాసింది. ఉత్తరం తిరిగొచ్చింది. “కాగితమునందు సజీవ భాగస్వామ్యము లేదు. విషయమును సోమవారపు సమీక్షలో ప్రస్తావించవలెను” అని దాని మీద రాసి ఉంది.

సమీక్ష సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి. మనిషి మెదడు ఆ వేళకి చురుగ్గా ఉంటుందని ధీరజ్ చెప్పాడు. కుళాయి వేళ కూడా అదే. కుళాయికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

వంట గదిలో కాస్త సిగ్నల్ అందుతుంది. బియ్యం డబ్బా మీద ఫోను నిలబెట్టి, ప్రమీలారాణి స్టూలు మీద కూర్చుంది. వంటమనిషి ఆదిలక్ష్మి బీరకాయలు తరుగుతోంది. ఆదిలక్ష్మి మనవడు దూలానికి వేలాడే స్ప్రింగు ఉయ్యాల్లో కిందికీ పైకీ ఊగుతూ నిద్రపోతున్నాడు.

“హాయ్ ఫ్రెండ్స్, ముందు ఐస్ బ్రేక్ చేద్దాం” అన్నాడు ధీరజ్ ఫోన్లోంచి.

“ఏంటంటండీ?” అంది ఆదిలక్ష్మి.

“ఐసు పగలగొడతాడంట.”

“నీళ్లే లేకపోతే ఐసెక్కడిదండీ?”

“నోర్ముయ్యవే, వినపడుద్ది.”

మీరొక కూరగాయ అయితే ఏ కూరగాయ అవుతారు, ఎందుకు. అదీ ఆ రోజు ప్రశ్న. కమిషనర్ గారు తాను మునక్కాయనన్నారు. పైకి గట్టిగా ఉన్నా లోపల గుజ్జుందట. ముఖాలన్నీ పచ్చబడ్డాయి. దైవాధీనం గారు తాను వంకాయనన్నారు. తలమీద కిరీటమున్నా నూనెలో మగ్గడానికి సిద్ధమేనట. జిల్లా అధికారులు ఒక్కొక్కరే కాకర, దొండ, పొట్లకాయ అయ్యారు. ఒకాయన తాను ఉల్లిపాయనని, తనని కోసినవాళ్లకే కన్నీళ్లొస్తాయని అన్నాడు. ఆయన మాట కమిషనర్ గారికి అంతగా నచ్చలేదు. కూరగాయల మడి పూర్తయ్యేసరికి కుళాయి కట్టేశారు. మోటారు మాట రాలేదు.

పై సోమవారం కూర్చున్న చోటే నృత్యం. ఆపై సోమవారం ప్రతి పది బొమ్మలకీ ఒక చప్పట్ల విరామం. ప్రమీలారాణి మాత్రం ఎక్కడ ఏ సందు దొరుకుతుందో, మోటారు మాట ఎప్పుడు దూర్చుదామా అని ఒళ్లంతా చెవులు చేసుకుని వింది. ఫలితంగా ఆమె ముఖం రెండు వారాలూ ఎర్రగా ఉంది. సంజాయిషీ కోరుతూ మెమో వచ్చింది.

పక్క మండలంలో వార్డెన్ సత్యవేణికి ఫోన్ చేసింది. ఇద్దరూ ఒకే ఏడాది ఉద్యోగంలో చేరినవాళ్లు.

“నువ్వేం చేశావే అంత ఎర్రబడ్డానికి?” అంది సత్యవేణి.

“ఏం చెయ్యలేదే. శ్రద్ధగా విన్నాను.”

“అదే మరి నువ్వు చేసిన తప్పు. శ్రద్ధగా వింటే మొహం కదలదు. కదలకపోతే ఆ యంత్రానికి నువ్వు పోయినట్టే లెక్క. వినకు. గంగిరెద్దులా ఊపు.”

“ఏం చెబుతున్నారో వినకుండా ఎలా ఊపనే?”

“వింటే ఊపలేవే, అందుకే వినొద్దంటున్నా. నేను మా మనవరాలి స్ప్రింగు ఉయ్యాల్లో ఫోను పెట్టి, ఎదురుగా కూర్చుని కందిపప్పు ఏరుకుంటున్నా. ఫోను ఊగుతుంటే నా మొహమే ఊగినట్టుంటుంది. పోయిన వారం మా జిల్లాలో నాదే చిక్కటి పచ్చ.”

ప్రమీలారాణి అంత దూరం పోలేదు. తలే ఊపింది. నెల రోజులు ఊపింది. కమిషనర్ గారు పాలలో వెన్న గురించి చెప్పినా, చీమల బారుల్లో మేనేజ్‌మెంట్ సూత్రాలున్నాయన్నా ఊపింది. మెడ పట్టేసింది. ఆదిలక్ష్మి ఆముదం రాసింది. గీత ఆకుపచ్చగా మారింది. చివరికి ధీరజ్ నోట ఆ మాట వచ్చింది.

“ఇవాళ్టి రెండు నిమిషాలు, గ్రీన్ స్టార్ ప్రమీలారాణి గారివి.”

ఆమె ముందురోజే గుక్క తిప్పుకోకుండా చెప్పడం సాధన చేసింది. మోటారు కాలిపోయిందంది. పిల్లలు నీళ్ల కోసం హైవే దాటుతున్నారంది. మొన్న ఆరో తరగతి పిల్ల పక్కనుంచి ఇసుక లారీ బిందెను రాసుకుంటూ పోయిందని, బిందె సొట్టపోయిందని, పిల్ల మూడు రోజులు మాట్లాడలేదని చెప్పింది. చెబుతూ చెబుతూ తెర వైపు చూసింది.

రాష్ట్రమంతా నవ్వుతూ తలూపుతోంది. పిల్ల మాట్లాడలేదన్న చోట ఎర్రటి గుండె బొమ్మలు కింది నుంచి పైకి తేలాయి. లారీ అన్న చోట ఎవరో చప్పట్లు పంపారు. ఒక్క ముఖం చుట్టూ కూడా పసుపు లేదు.

“అద్భుతం” అన్నారు కమిషనర్ గారు. “ధీరజ్, చూశావా, మొత్తం ఆకుపచ్చ. నా ప్రెజెంటేషన్‌కి కూడా ఎప్పుడూ రాలేదు.”

“సూపర్ సార్. బిందె సొట్టపోవడం అన్నది చాలా బలమైన దృశ్యం.”

ప్రమీలారాణి చేతులు జోడించింది. “అయితే మోటారు సంగతి...” అంటుండగా రెండు నిమిషాలు అయిపోయాయి.

ఆ సాయంత్రం దైవాధీనం గారే స్వయంగా ఫోన్ చేశారు. ఉద్యోగంలో చేరాక అంతటి అధికారి తనకు ఫోన్ చేయడం అదే మొదలు. ప్రమీలారాణి నిలబడి మాట్లాడింది.

“అభినందనలమ్మా. మీ ప్రసంగాన్ని శాఖ మార్గదర్శక ప్రసంగంగా స్వీకరించడమైనది. శ్రోతలను కట్టిపడేయడం ఎలా అన్న అంశం మీద ఇకపై ప్రతి సోమవారం ఒక్కొక్క జిల్లాకు మీరు అదే చెప్పాలి. అక్షరం మార్చకూడదు.”

“అలాగేనండి. మోటారు మరి ఎప్పుడండీ?”

“ఏ మోటారు?”

“కాలిపోయిందని చెప్పానండి.”

“చాలా బాగా చెప్పారు.”

“అంటే, కొత్తది ఇప్పిస్తారా అని.”

దైవాధీనం గారు బుద్ధిమాంద్యం ఉన్న పిల్లకి ఎక్కాలు చెప్పేవాడిలా నెమ్మదిగా అందుకున్నారు. “అమ్మా, సదరు మోటారు ఇప్పుడు కేవలం మోటారు కాదు. అది శాఖ ప్రతిష్ఠ. అది బాగుపడితే పై వారం మీరేం చెబుతారు? నీళ్లొచ్చాయని చెబుతారు. నీళ్లొచ్చాయంటే ఎవరైనా తలూపుతారా? ఆలోచించండి. కార్యక్రమం ముగిశాక మోటారు విషయం పరిశీలనకు తీసుకోబడును.”

వారం తిరక్కుండా హాస్టల్ గేటుకి ఒక ఫ్లెక్సీ వచ్చింది. అనుమతి అక్కర్లేకుండా, అడక్కుండా, జీపులో వచ్చింది. గేటు కంటే పెద్దది. దాని మీద నిలువెత్తు ప్రమీలారాణి నవ్వుతోంది. ‘సజీవ భాగస్వామ్య శిరోమణి’ అని కింద బంగారు అక్షరాలు. పిల్లలు రోడ్డు దాటి వచ్చి, ఆ నీడలో బిందెలు దించుకుని ఆయాసం తీర్చుకునేవాళ్లు.

“మీరు మా గేటుకన్నా ఎత్తండీ ఇప్పుడు” అంది ఆదిలక్ష్మి.

“దిష్టి తగలకుండా ఆ బూడిదగుమ్మడి పక్కన నిన్ను కూడా కట్టమంటాను, ఊరుకో.”

అలా జిల్లా తర్వాత జిల్లా. ప్రతి సోమవారం ఎనిమిదింటికి ప్రమీలారాణి వంట గదిలో కూర్చుని, పిల్లలు హైవే దాటుతున్నారని ఎవరికో ఒకరికి చెప్పేది. ఆ మాట చెబుతున్న సమయంలోనే బయట పిల్లలు హైవే దాటుతుండేవాళ్లు. మిగతా రోజుల్లో తను వెళ్లి రోడ్డు మధ్య నిలబడి, చెయ్యెత్తి లారీలు ఆపేది. సోమవారం మాత్రం ఆపలేదు. రెండు సమీక్షలు తప్పితే సంజాయిషీ. మూడో దానికి సస్పెన్షన్. ఇంకా కొన్నేళ్ల ఉద్యోగముంది.

అలాంటి ఒక సోమవారం, ఆమె ‘బిందె సొట్టపోయింది’ అన్న వాక్యం దగ్గరుండగా బయట కేక వినపడింది. ఆమె లేవబోయింది. గీత పసుపైంది. కూర్చుంది. వాక్యం పూర్తిచేసి, గుండె బొమ్మలు తేలనిచ్చి, అప్పుడు పరుగెత్తింది.

ఏడో తరగతి రోహిణిని మోటారు సైకిల్ గుద్దింది. పిల్ల మణికట్టు విరిగింది. బకెట్ ఎక్కడో పడింది. ఆస్పత్రిలో పిండికట్టు వేస్తున్నంతసేపూ రోహిణి ఏడవలేదు కానీ, “బకెట్ కొత్తదండీ మేడం, వచ్చాక ఎవరైనా తీసుంటారా?” అని అడిగింది.

ఆ మధ్యాహ్నమే ప్రమీలారాణి సమీక్షల సాఫ్ట్‌వేర్‌లోనే దైవాధీనం గారికి వీడియో కాల్ చేసింది. ధీరజ్ కూడా ఆయన పక్కనే ఉన్నాడు. ఇక మోటారు ఇస్తారా లేదా అని అడిగేద్దామనే చేసింది. పిల్ల చెయ్యి విరిగిందని చెప్పగానే ఇద్దరి ముఖాలూ గంభీరమయ్యాయి. కొంచెం ఆశ కలిగింది.

“ఏ చెయ్యి మేడం?” అన్నాడు ధీరజ్.

“కుడి చెయ్యండి.”

“పర్లేదు. పై వారం రాష్ట్ర స్థాయి కదా. ఆ పాపని మీకు ఎడమ పక్కన కూర్చోబెట్టండి, కట్టు ఫ్రేములోకి వస్తుంది. పాప నవ్వితే ఇంకా మంచిది. బాధలో చిరునవ్వు. దానికి పడనివాళ్లుండరు.”

“చక్కటి సూచన” అన్నారు దైవాధీనం గారు. “కట్టు విప్పకుండా చూసుకోండమ్మా.”

ప్రమీలారాణికి తిట్లు రాకపోలేదు. ఇరవయ్యేళ్లు ఆడపిల్లల హాస్టల్ నడిపిన మనిషికి తిట్లకి కొదవేముంటుంది. గొంతు దాకా వచ్చాయి. కానీ తెర మీద తన ముఖం తనకే కనపడింది. అది నవ్వుతూ తలూపుతోంది. చుట్టూ చిక్కటి ఆకుపచ్చ.

ఫోను పెట్టేసి, వంట గదిలోకి వెళ్లి కూరల కత్తి తీసుకుని గేటు దగ్గరికి నడిచింది. ఆదిలక్ష్మి హడలిపోయి వెనకే వచ్చింది.

“ఎవర్నండీ?”

“నన్నే” అంది ప్రమీలారాణి, ఫ్లెక్సీ తాడు కోస్తూ. “ఈ మొహం వరకూ కత్తిరించాలి. నువ్వా కొస పట్టుకో.”

“మెడ దగ్గర కొయ్యకండి, అపశకునం. జాకెట్టు దాకా ఉంచండి.”

జాకెట్టు దాకా ఉంచింది. అట్టముక్కకి అంటించి, ఆదిలక్ష్మి మనవణ్ణి చాప మీద పడుకోబెట్టి, ఆ ముఖాన్ని స్ప్రింగుకి వేలాడదీసింది. ఎదురుగా బియ్యం డబ్బా మీద ఫోను. గరిటె కాడతో ఆదిలక్ష్మి ఒక్క పోటు పొడిచింది. ప్రమీలారాణి నవ్వుతూ, కిందికీ పైకీ, కిందికీ పైకీ, అలుపు లేకుండా తలూపింది. తెర మీద ఆకుపచ్చ వెలిగింది.

“మీకన్నా ఇదే బాగా ఊపుతుందండి” అంది ఆదిలక్ష్మి మెచ్చుకోలుగా.

“సోమవారం ఇది ఆగినప్పుడల్లా ఒక పోటు పొడుస్తుండు. నేను రోడ్డు మీదుంటా.”

రాష్ట్ర స్థాయి ప్రసంగం రోజున అలాగే చేసింది. తన పాత ప్రసంగం రికార్డింగు పెట్టి, ముఖాన్ని ఊగనిచ్చి, తను రోడ్డు మధ్యకి వెళ్లింది. ఎవరూ పోల్చలేదు, రోహిణి ఏదని అడగలేదు సరికదా, ఆమె హావభావాల్లో గొప్ప పరిణతి వచ్చిందని దైవాధీనం గారు మెచ్చుకుంటూ సందేశం పంపారు. సంగతి సత్యవేణికి చెప్పింది. సత్యవేణి ఇంకో ఇద్దరికి చెప్పింది. ఫ్లెక్సీల షాపుల వాళ్లకి ఎక్కడెక్కడి నుంచో వార్డెన్ల ముఖాలు ఆర్డర్లు రావడం మొదలైంది. స్ప్రింగు ఉయ్యాలలకి కొరత వచ్చిందని కూడా అన్నారు. సోమవారం సమీక్షలు మునుపెన్నడూ లేనంత పచ్చగా సాగాయి. ఆ పచ్చదనం చూసే కాబోలు, కమిషనర్ గారికి పదోన్నతి వచ్చి పైకి వెళ్లిపోయారు.

కొత్త కమిషనర్ వచ్చిన మొదటి సోమవారం, ప్రమీలారాణి ఎప్పటిలాగే ఎర్ర తువ్వాలు పట్టుకుని రోడ్డు మధ్య నిలబడింది. ఒక విడత పిల్లల్ని దాటించి, తను కూడా చంకన ఒక బిందె పెట్టుకుని వంట గదిలోకి వచ్చింది. పొయ్యి మీద సాంబారు పొంగి కారిపోయి ఉంది. ఆదిలక్ష్మి గరిటె పట్టుకుని నేల మీద చతికిలబడి ఉంది. ఫోను తెర నల్లగా ఉంది. ఫ్లెక్సీ ముఖం మాత్రం ఇంకా మెల్లగా ఊగుతోంది.

“ఏమైందే, ఫోను ఆగిపోయిందా?”

“ఆగలేదండి. అదే నన్ను బయటికి గెంటేసింది.”

“నువ్వు లోపలికెందుకు పోయావు?”

“కొత్తాయనొచ్చాడండి. ఆ హెడ్‌ఫోన్ల కుర్రోణ్ణి ఇంటికి పొమ్మన్నాడు. కూరగాయలొద్దు, డాన్సులొద్దు అన్నాడు. నాకు బొమ్మలేం చూపించకండి, ఎక్కడెక్కడ ఏ ఇబ్బందుందో చెప్పండి, ఇప్పుడే సంతకం పెట్టేస్తానన్నాడు. ఆయ్, ఇప్పుడేనన్నాడండి. కలం కూడా తీశాడు.”

ప్రమీలారాణి బిందె దించలేదు. “ఆఁ. ఎవరేం చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదండి. అందరూ ఊగుతున్నారు. ఆయన పాపం రెండోసారి అడిగాడు. మూడోసారి మీ పేరెట్టి పిలిచాడండి. ప్రమీలారాణి గారూ, మీ హాస్టల్లో మోటారు పాడయిందని విన్నాను, అది బాగయిపోయిందా అమ్మా అని.”

“నువ్వు చెప్పొచ్చు కదే.”

“చెప్దారనే మొహం పెట్టానండి. మోటారు అనేలోపు నా చుట్టూ ఎర్రగా గీసేసింది. తెలియని మొహం అని తోసేసింది.”

ప్రమీలారాణి ఒంటి చేత్తో పొయ్యి కట్టేసింది.

“అయితే బాగయిందా అని ఆయన అడిగితే” అంది ప్రమీలారాణి, “నేనేమన్నాను?”

ఆదిలక్ష్మి స్ప్రింగు వైపు చూసింది.

“అప్పుడే నేను గట్టిగా పొడిచానండి. నవ్వుతా తలూపారు.”

ప్రమీలారాణి చెయ్యి చాపి ఆ ముఖాన్ని పట్టుకుని ఆపింది. బిందె గోలెంలో వంచింది. గుమ్మం బయట రెండో విడత పిల్లలు ఖాళీ బకెట్లతో నిలబడి ఉన్నారు, పిండికట్టు చేతిని ఓణీతో మెడకి కట్టుకున్న రోహిణి ఎడమ చేత్తో ఒకటి పట్టుకుని ఉంది.

“పదండే” అంది ప్రమీలారాణి తువ్వాలు తీసుకుని. “కుళాయి కట్టేస్తారు.”